కొసరు చాకు

ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి గడియారాల పెద్దాయన కొట్టు షట్టరు సగం లేచి ఉండేది. వంగి లోపలికి దూరితే, రిపేరుకొచ్చిన గడియారాలు గోడ నిండా తలో టైమూ చూపిస్తుంటాయి. వాటి కింద బల్ల, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ మీద చాకులు. అన్నీ పాతవే, అన్నీ జేబులో పెట్టుకునే మడత చాకులే. అవి ఎవరెవరి జేబుల్లో తిరిగాయో ఆ జేబులవాళ్లు ఎప్పుడో పోయారు. వాటి చుట్టూ ఐదారుగురు నెరిసిన తలలవాళ్లు చేరి, గోళీలు చూపించుకునే పిల్లల్లా, ఆ వారం దొరికినవి ఒకరికొకరు చూపించుకుని మురిసిపోయేవారు.

అక్కడ డబ్బు మాట ఎత్తకూడదు. చాకుకి చాకే. నచ్చితే మార్చుకోవడం, మార్చుకున్నాక చేతులు కలపడం. కాకపోతే ఏ బేరమూ సరిసమానంగా కుదిరి చావదు కదా, అందుకని ఓ పద్ధతి పెట్టుకున్నారు. మంచిది పట్టుకెళ్లేవాడు చివర్లో కొసరు వెయ్యాలి. కొసరంటే మరేం లేదు, విరిగిన బ్లేడో, పిడి ఊడిన చాకో, ఇంట్లో ఎందుకూ పనికిరానిది ఏదైనా సరే. అది గుడ్డ మీద పడేదాకా ఎవరూ చెయ్యి చాపకూడదు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. చాకుని గుడ్డ మీద పెట్టేటప్పుడు తయారుచేసినవాడి ముద్ర పైకి కనబడేలా పెట్టాలి. ముద్ర ఉన్న వైపు మొహం, రెండోది వీపు. వీపుతో ఎవరికీ పనిలేదు.

ఈ ముద్రలు చదవడంలో భూతద్దాన్ని మించినవాడు లేడు. అతని అసలు పేరు ఆ కొట్లో ఎవరికీ గుర్తులేదు. కళ్లద్దాల షాపు నడుపుతాడు, మెడలో ఎప్పుడూ ఓ చిన్న భూతద్దం వేలాడుతుంటుంది, ఆ పేరే ఖాయమైపోయింది. పిడికి కొట్టిన పిన్ను చూసి ఆ చాకు ఏ కాలంలో తయారైందో చెప్పేవాడు. సగం అక్షరమే మిగిలిన ముద్రని కూడా ఇట్టే పోల్చేవాడు. "నీవి కళ్లు కావయ్యా, ఇంకేవో" అని పెద్దాయన ఓ మాట అన్నాడంటే, ఆ పూట భూతద్దం ఇంటికి నడిచి వెళ్లేవాడు కాదు, గాల్లో తేలుతూ వెళ్లేవాడు.

కొన్ని నెలల కిందట ప్లంబరు ఓ చాకు తెచ్చాడు. ప్లంబరంటే ఆ కొట్లో అందరికంటే చిన్నవాడు, నలభై దాటలేదు. పాత ఇళ్లల్లో పైపులు మార్చడానికి వెళ్లి అటకల మీది సామాను పట్టుకొస్తుంటాడు. ఈసారి తెచ్చింది అంటు కత్తి, మొక్కలకి అంటు కట్టేవాళ్లు వాడే మడత చాకు. రెండు చేపల ముద్ర. అట్టపెట్టెలో, మొదట చుట్టిన నూనె కాగితంతో సహా ఉంది. పుట్టాక ఒక్క పుల్లయినా కొయ్యలేదు. తెరిస్తే టక్కుమంది. ఆ చప్పుడు వినగానే భూతద్దానికి మతి పోయింది.

దానికి రెండు మంచి చాకులు ఇచ్చాడు. ప్లంబరు తల గోక్కున్నాడు.

"కొసరేదీ అన్నగారూ?"

భూతద్దం సంచిలో సరిగ్గా అలాంటిదే ఇంకోటి ఉంది. అవే రెండు చేపలు. పక్కపక్కన పెట్టి పోల్చుకుందామని తెచ్చుకున్నాడు. బ్లేడు అరిగి అరిగి సగానికొచ్చింది. పిడి పగిలితే ఎవరో తాడు చుట్టారు. కొత్తది చేతికొచ్చాక ఇంకా ఈ ముసలిదెందుకు అనుకున్నాడు. తీసి గుడ్డ మీద పడేశాడు. ప్లంబరు చెయ్యి చాపాడు.

ఆ ముసలిది భూతద్దం మామగారి చాకు.

మామగారు ఓ నర్సరీలో నలభై ఏళ్లు అంటు కట్టిన మనిషి. ఆయన పోయాక ఆ చాకుని కూతురే తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "నా దగ్గరుంటే దారాలు తెంపడానికి వాడేస్తాను. మీ చాకుల్లో పెట్టండి, మీరైతే కళ్లల్లో పెట్టుకుని చూస్తారు" అంది. అది పదకొండేళ్ల కిందటి మాట. అన్నేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా దాన్ని అడగలేదు. అడగడం లేదు కదా, మరిచిపోయి ఉంటుంది అనుకున్నాడు ఈ మహానుభావుడు. చాకులు ఎక్కువై మనుషులు తక్కువైనవాళ్లకి ఇలాంటి లెక్కలు బాగా కుదురుతాయి.

ఆవిడ దర్జీ. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, దాని పక్క గోడకి మేకు, మేకుకి ఓ పెద్ద కత్తెర. ఎడమచేతివాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన కత్తెర అది. మామూలు కత్తెరతో భార్య బొటనవేలు పొక్కులెక్కుతుంటే చూడలేక, పెళ్లయిన కొత్తలో భూతద్దమే నాలుగు బజార్లు తిరిగి వెతికి తెచ్చిపెట్టాడు. అదీ చెప్పాలి. ఒకప్పుడు చూసే కళ్లే అతనివి.

ఓ రోజు పొద్దున ఆవిడ పెరట్లోంచి మట్టి చేతులతో లోపలికొచ్చింది.

"ఏవండీ, మా నాన్న చాకు కాస్త తీసిపెట్టండి."

భూతద్దం చదువుతున్న పేపరు మడిచాడు. "ఎందుకూ?"

"నారింజ ఇంక బతకదండీ. మొదలు చుట్టూ బెరడు ఊడొచ్చేసింది. రెండే రెండు కొమ్మలు పచ్చగా ఉన్నాయి."

పెరట్లో సగానికి కోసిన డ్రమ్ములో ఉన్న నారింజ మొక్క మామగారు కట్టిన ఆఖరి అంటు. కట్టి, కూతురి ఇంట్లో పెట్టి, ఆ ఏడే పోయాడు. ఆవిడ దానికి నీళ్లు పోసినంత శ్రద్ధగా తను కూడా ఏనాడూ అన్నం తినలేదు.

"కుండీలో విత్తనం వేసి ఓ మొక్క పెంచాను, పెన్సిలంత లావైంది. ఈ కొమ్మలు కోసి దానికి కట్టేస్తాను. చిగురు కదలకముందే కట్టాలి, మహా అయితే రెండు వారాలు."

"నీకు వచ్చా అది?"

"బాగా అడిగారు! పదేళ్లప్పుడే నాన్న నా చేతిలో చాకు పెట్టి నేర్పించాడు. ఆ చాకే. మొక్కా ఆయనదే, చాకూ ఆయనదే. నా చేత్తో కట్టినా ఆయన కట్టినట్టే ఉంటుంది."

"సరే సరే. కాస్త తుప్పు పట్టి ఉంటే నూనెలో నానేశాను. ఓ పది రోజులాగు."

అబద్ధం ఇంత నున్నగా వస్తుందని అతనికే తెలియదు. ఆవిడ చేతులు కడుక్కుంటూ, "ఆగుతాలెండి. దాని సంగతి మీకు తెలిసినట్టు నాకేం తెలుసు" అంది. ఆ మాటకి అతను అటు తిరిగి, లేని పని కల్పించుకుని బయటపడ్డాడు.

భూతద్దం కాలు కాలిన పిల్లిలా ప్లంబరు షెడ్డుకి పరిగెత్తాడు. ప్లంబరు పైపుకి మరలు కోస్తున్నాడు.

"ఆ మధ్య కొసరుగా ఇచ్చానే, తాడు చుట్టింది, అది నాకు వెనక్కి కావాలోయ్. బదులు నీక్కావలసింది తీసుకో."

"అయ్యో, అది ఎక్కడుందన్నగారూ? ఆ వారమే విప్పేశాగా. స్ప్రింగు బాగుంటే వేరే దానికి వేశాను. పిడి ముక్కలు పొయ్యిలోకి పోయాయి. బ్లేడు కొన్నాళ్లు ఇక్కడే పడుంటే పైపుల మీద మురికి గీకడానికి వాడాను. మొన్న విరిగింది, పాత ఇనుములో వేసేశాను." ప్లంబరు అతని మొహం చూసి పని ఆపాడు. "కొసరే కదా అన్నగారూ? మీరే పడేశారు, ఉంచమని చెప్పలేదు."

నిజమే. ఉంచమని చెప్పలేదు. ప్లంబరు మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాడు గానీ రాలేదు.

ఇలాంటప్పుడు మామూలు మనిషి ఇంటికెళ్లి తప్పయిందని చెప్పేవాడు, నాలుగు తిట్లు తినేవాడు, అక్కడితో సరిపోయేది. భూతద్దం మామూలు మనిషి కాదు, చాకుల మనిషి. దారిలోనే అతని బుర్రలో మెరుపు మెరిసింది. తన దగ్గర అదే ముద్ర, అదే కొలత, అదే కాలం చాకు ఇంకోటి ఉంది కదా! ఒక్క పుల్లయినా కొయ్యనిది! దాన్ని అరగదీస్తే?

దొంగ అరుగుదల అంటే ఆ కొట్లో మహాపాపం. అలా చేసిన ఓ మనిషిని ఒకప్పుడు షట్టరు కూడా ఎత్తనివ్వలేదు, ఎత్తనివ్వొద్దని మొదట అరిచింది భూతద్దమే. ఇప్పుడు తన షాపు వెనక గదిలో, కళ్లద్దాలు అరగదీసే చక్రం ముందు కూర్చున్నాడు. తన చాకుల వివరాలు రాసుకునే పాత రిజిస్టరులో మామగారి చాకు ఫొటో అంటించి ఉంది, పదకొండేళ్ల కిందట తనే తీశాడు. పద్ధతి ప్రకారం ముద్ర వైపే తీశాడు. ఫ్లాషు వెలుగు పడి అంచు తెల్లగా పోయింది గానీ, ఆకారం తెలుస్తోంది. దాన్ని ఎదురుగా పెట్టుకుని రోజూ రెండు గంటలు కూర్చున్నాడు.

చక్రానికి ఆనించిన మొదటి క్షణం, ఆ మచ్చలేని ఉక్కు కీచుమంటే, అతనికి కళ్లనీళ్లు తిరిగాయి. మామగారు పోయినప్పుడు తిరగలేదు, ఇప్పుడు తిరిగాయి. బ్లేడు సగానికి తెచ్చాడు. మొన దగ్గర సన్నగా, మొదట్లో కాస్త వెడల్పుగా, ఫొటోలో ఉన్నట్టే. ఆ మెరుపు పోవడానికి టీ డికాషన్లో నానేశాడు, వెనిగరులో ముంచాడు. పిడి పగలగొట్టాడు, పాత తాడు వెతికి అన్ని చుట్లే చుట్టాడు. మామగారి బొటనవేలు ఆనేచోట పడిన గుంట కూడా గుర్తుకు తెచ్చుకుని, చర్మం ముక్కతో మూడు రోజులు రుద్ది తెచ్చాడు. ఆఖర్న పదును పెట్టాడు, కొత్తగా వచ్చినప్పుడు ఏ వైపుంటే ఆ వైపే. ఎంత త్యాగం చేస్తున్నానో దీనికేం తెలుసు అని భార్య మీద కాస్త కోపం కూడా తెచ్చుకున్నాడు.

ఇంటికి పట్టుకెళ్లేముందు దాన్ని పరీక్షించాలనిపించింది. ప్లంబరు వేరే ఊరు పని మీద వెళ్లిన ఆదివారం చూసుకుని, గుడ్డ మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. ముద్ర పైకి పెట్టాడు.

పెద్దాయన కంటికి లెన్సు తగిలించుకుని చాలాసేపు చూశాడు. తెరిచాడు, మూశాడు. తాడు మీద వేలితో రాశాడు.

"ఎక్కడ దొరికిందయ్యా ఇది?"

"ఇంట్లోదే. పాతది."

"చూశారా," అన్నాడు పెద్దాయన మిగతావాళ్లతో, గొంతు తగ్గించి. "ఇది కొన్నవాడు దాచుకున్న చాకు కాదు. బతికిన చాకు. ఒక్క మనిషి, ఒక్క చెయ్యి, ముప్పై నలభై ఏళ్లు. ఈ బొటనవేలి గుంట చూడండి. ఇలాంటిది ఎవడూ చెయ్యలేడు." తర్వాత భూతద్దం వైపు తిరిగాడు. "నా కొమ్ము పిడిది అడుగుతుంటావుగా? ఇది ఇచ్చేటట్టయితే చెప్పు. అది నీదే."

పెద్దాయన కొమ్ము పిడి చాకు కోసం భూతద్దం తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాడు. ఇచ్చేది కాదులెండి అని సిగ్గుపడుతూ చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. ఆ దారంతా అతనికి తన అబద్ధం గుర్తుకే రాలేదు. పెద్దాయన కన్నే కనిపెట్టలేకపోతే, బట్టలు కుట్టుకునే మనిషి ఏం కనిపెడుతుంది?

"ఇదిగో నీ చాకు," అని మిషను మీద పెట్టాడు.

ఆవిడ చేతిలోకి తీసుకుని, తెరవకుండా, గుప్పిట్లో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. "తాడు అలాగే ఉంది," అంది. కళ్లు తుడుచుకుని నవ్వింది. "రండి, మీరూ చూద్దురుగాని. నాన్న అంటు కడుతుంటే మాట్లాడకుండా చూడాలి."

పెరట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కుండీలో మొక్క తల కోసి, నిలువునా చీల్చడానికి గుర్తు పెట్టుకుంది. ప్లాస్టిక్ కాగితం సన్నగా చింపి పెట్టుకుంది. డ్రమ్ములో మొక్క నుంచి పచ్చగా ఉన్న రెండు కొమ్మల్లో బలమైనది తుంచుకుంది, మూడు మొగ్గలున్నది. కొమ్మని కుడిచేత్తో పట్టుకుంది. చాకు ఎడమచేతిలోకి తీసుకుని, చూడకుండానే తెరిచి, గుండె వైపు లాగుతూ ఏటవాలుగా ఒక్క కోత కోసింది.

కోత చదునుగా రాలేదు. బ్లేడు కొమ్మలోకి దిగి, చెంచాతో తవ్వినట్టు గుంట చేసి పైకి లేచింది. ఆవిడ నుదురు ముడిపడింది. చెయ్యి తప్పిందనుకుని సరిచెయ్యబోయింది. ఈసారి మొగ్గ తెగి కింద పడింది. మూడో కోతకి కొమ్మ చీలిపోయింది.

ఆవిడ కొమ్మ వంక చూడలేదు. చాకు వంక చూసింది. తిప్పి, వీపు వైపు చూసింది. వెలుతురులోకి ఎత్తి, అంచు మీద బొటనవేలు ఆనించి, చాలా నెమ్మదిగా కిందికి జార్చింది.

"ఇది మా నాన్నది కాదు."

"అదేంటి? ముద్ర చూడు, రెండు చేపలు..."

"ముద్ర మీరే చూసుకోండి." ఆవిడ గొంతు పెరగలేదు. "అంటు కత్తికి ఒక్క వైపే పదును పెడతారు. రెండో వైపు చదునుగా ఉండాలి, కొమ్మకి ఆనేది ఆ చదునే. ఇది కుడిచేతివాడి చాకు. మా నాన్నది ఎడమచేతి వాటం. కొన్నరోజే పదును రెండో వైపుకి మార్చి నూరుకున్నాడు. నాకొచ్చింది ఆ వాటమే కదా."

భూతద్దం వంగి చాకు వీపు వైపు చూశాడు.

"ఇరవై ఏళ్లు ఆయన మీ ఎదురుగా కూర్చుని పండ్లు కోసి మీ చేతికిచ్చాడండీ. ఏ చేత్తో ఇచ్చాడో ఒక్కసారి కూడా చూడలేదా మీరు?"

చూడలేదు. పండు తీసుకుంటూ కూడా ముద్ర గురించే మాట్లాడేవాడు. మామయ్యా, దీని మీద రెండు చేపలున్నాయి తెలుసా మీకు, అనేవాడు. ఆ ముసలాయన నవ్వి ఇంకో ముక్క కోసిచ్చేవాడు.

"మా నాన్నదెక్కడ?"

"ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ప్లంబరుకి. వాడు విప్పేశాడు. లేదిప్పుడు."

ఆవిడ తల ఊపింది, బట్ట చిన్నదని ఎవరైనా చెబితే ఊపినట్టు. "దాని బదులు ఏం పుచ్చుకున్నారు?"

ఏదో ఒకటి, ఎంత పెద్దదైనా ఒకటి చెప్పగలిగితే బాగుండుననిపించింది అతనికి. దాని బదులు ఇంత గొప్ప చాకు వచ్చింది అని చెప్పుకోగలిగితే, కనీసం దానికో విలువ ఇచ్చినట్టుండేది.

"దానికి విడిగా ఏమీ రాలేదు," అన్నాడు. "కొసరుగా వేశాను."

"కొసరుగా," అంది ఆవిడ.

తిట్టలేదు. లోపలికెళ్లి, కుట్టు డబ్బాలో దారాలు తెంపుకునే సగం షేవింగు బ్లేడు తెచ్చింది. మిగిలిన రెండో కొమ్మ తుంచి, ఆ బ్లేడుతో అటొక కోత, ఇటొక కోత, అద్దంలా చదునుగా కోసింది. కుండీలో మొక్కని చీల్చి, కొమ్మని ఆ చీలికలో దింపి, ప్లాస్టిక్ చుట్టి బిగించింది. మొత్తం రెండు నిమిషాల పని. అప్పుడర్థమైంది భూతద్దానికి. అంటు కట్టడానికి ఆవిడకి ఏ చాకూ అక్కర్లేదు. ఆవిడకి కావలసింది వాళ్ల నాన్న చెయ్యి ఒక్క పూట.

ఆ చాకుని ఆవిడ డ్రమ్ము అంచు మీదే వదిలేసింది. సాయంత్రం అతను వెళ్లి తెచ్చి, తుడిచి, నూనె రాసి లోపల పెట్టుకున్నాడు. అలవాటు చావదు కదా.

మూడు వారాలకి కుండీలో అంటు చిగురు తొడిగింది. ఆవిడ అతన్ని పిలవలేదు. స్నానానికి వెళ్తూ కిటికీలోంచి అతనే చూశాడు, వడ్లగింజంత పచ్చదనం. బాగుంది అందామని ముందుగదిలోకి వచ్చాడు. ఆవిడ మిషను తొక్కుతోంది. మాటలు బందు కాలేదు, అన్నం పెట్టానంటే సరే అనేంతవరకే నడుస్తున్నాయి. అతను నిలబడి ఉండగానే ఫోను మోగింది. పెద్దాయన. చెవుడు వస్తోంది కాబట్టి ఇల్లంతా వినబడేలా మాట్లాడతాడు.

"ఏమయ్యా, రెండు వారాలుగా కనబడ్డం లేదు! ఆ రెండు చేపల చాకు నా నిద్ర పాడుచేస్తోందయ్యా. రేపు ఆదివారం తెచ్చెయ్యి. కొమ్ము పిడిది తుడిచి పెట్టాను, చేతికిచ్చేస్తాను."

అది దొంగదండీ, నేనే అరగదీశాను. ఇంతే చెప్పాల్సింది. నాలుగు మాటలు. భూతద్దం మిషను వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. తొమ్మిదేళ్లు అడిగిన కొమ్ము పిడి చాకు కళ్ల ముందు మెరిసింది.

"చూద్దాం లెండి," అన్నాడు.

మిషను ఆగింది. ఆవిడ తలెత్తలేదు. సూది కింద బట్టని సరిచేసుకుంటూ అంది:

"ఇచ్చెయ్యండి. కొసరు అడుగుతారేమో, నన్ను వెయ్యండి."

మిషను మళ్లీ కదిలింది. ఫోనులో పెద్దాయన, ఏమయ్యా, ఏమంటావు, అని అడుగుతూనే ఉన్నాడు.